కాగితానికి కనుబొమ్మలుండవు

జూలై 9

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. అన్నయ్యకూ అవే నమస్కారాలు, ఉత్తరం మాత్రం నీ ఒక్కదానికే. ‘అందరం క్షేమం’ అని మొదలుపెట్టాలి కాబట్టి క్షేమమనే రాస్తున్నాను. నిద్ర ఒక్కటే సరిగ్గా పట్టడం లేదు, అంతే. ఫోన్ చేయొచ్చుగా, ఈ కాలంలో ఉత్తరాలేమిటి అని అడిగావు. చేస్తే ఏమవుతుందో నీకు తెలియదా? అన్నయ్య పక్కనుంచి ఏమంటోంది, ఏమంటోంది అని అరుస్తుంటాడు. నువ్వు ఆయనకు జవాబు చెబుతూ నాకు ఊఁ కొడతావు. నేను చెప్పదలచుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. నువ్వు నాకు వదినవు కాకముందు ఒకే బెంచీ మీద కూచున్న స్నేహితురాలివి. ఆ చనువుతోనే రాస్తున్నాను.

ఈ ఏడు నాకొక కొత్త క్లాసు అంటగట్టారు. మా కాలేజీలో చెవులు వినిపించని పిల్లలు ఏడుగురున్నారు. లెక్కలూ కంప్యూటర్లూ బాగానే గట్టెక్కుతున్నారు కాని, ఇంగ్లీషు వ్యాసాల పేపరు దగ్గర పోయినేడు మూకుమ్మడిగా బోల్తా పడ్డారు. ఈసారి కూడా తప్పితే డిగ్రీ ఉండదట, ఏదో చేతిపని సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపేస్తారట. ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచి, మీకు ఓపిక ఎక్కువమ్మా అన్నారు. ఎవరైనా మన ఓపికను మెచ్చుకున్నారంటే, ఎవరూ ఎత్తుకోని బరువు మన నెత్తికి రాబోతున్నట్టే.

మొదటిరోజు నా భాగోతం విను. ఇరవయ్యేళ్ళ అలవాటు కదా, బోర్డు మీద రాస్తూ, పిల్లలకు వీపు చూపిస్తూ గలగలా మాట్లాడేశాను. పక్కన నిలబడి నా మాటల్ని సైగల్లో చెప్పే దుభాషి పాపం చేతులు నొప్పి పుట్టేలా చెబుతూనే ఉంది. పిల్లలు మాత్రం బోర్డు చూడాలా, ఆమె చేతులు చూడాలా తెలియక తలలు అటూ ఇటూ తిప్పుతున్నారు. పైగా నేను కిటికీకి అడ్డంగా నిలబడ్డానేమో, వెలుతురు వెనకనుంచి పడి నా ముఖం వాళ్ళకు నల్లటి మచ్చలా ఉందట. అదీగాక, నేను కుదురుగా నిలబడను. నీకు తెలుసుగా, పరీక్షల రోజుల్లో మా ఇంటి వసారా అరగదీసినదాన్ని.

రెండోవారం వాళ్ళు రాసినవి దిద్దిచ్చాను. ఒకమ్మాయి తన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చేతులు చకచకా కదిలించింది. దుభాషి నవ్వాపుకుంటూ చెప్పింది: నా కాగితానికి తట్టు పోసిందా మేడమ్ అంటోందని. ఒళ్ళంతా నా ఎర్ర సిరాయే మరి. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఇంకో ఘనకార్యం చేశాను. రాసింది ఒకసారి చదువుకోండమ్మా, చెవికి ఎక్కడ తేడా కొడితే అక్కడ తప్పున్నట్టే అనేశాను. దుభాషి చేతులు గాలిలో ఆగిపోయాయి. నావైపు ఒకసారి జాలిగా చూసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఏడుగురూ నన్ను చూశారు. ఆ తర్వాత నవ్వారు చూడు వదినా, బల్లలు అదిరిపోయాయి.

తట్టు గురించి అడిగిన పిల్లను అందరూ పిచ్చుక అంటారు. వాళ్ళలో పేర్లు అక్షరాలతో ఉండవు, మనిషిని చూసి ఒక సైగ పెడతారు. ఈ పిల్ల వేళ్ళు గింజలేరుకుంటున్నట్టు కదులుతాయి, అందుకని పిచ్చుక. ఆ పేరు మనకు మనం పెట్టుకోకూడదట, వాళ్ళే ఇవ్వాలి. నాకూ ఇచ్చారు. ఎడమ అరచేతి మీద కుడిచేతి రెండు వేళ్ళు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడుస్తాయి. మనవాళ్ళు కాలుగాలిన పిల్లి అంటారే, అదే. ఈయనకు చెబితే పడీపడీ నవ్వారు. పొద్దంతా లిఫ్టులు బాగుచేసి వచ్చే మనిషి, లిఫ్టయినా అంతస్తు వస్తే ఆగుతుంది, నువ్వు ఆగవేమే అన్నారు.

ఒక్క సంగతి మాత్రం నాకు కొత్తగా తెలిసింది. సైగల్లో ప్రశ్న అడగాలంటే కనుబొమ్మ ఎత్తుతారు. కోపమైతే అది ముడిపడుతుంది. ఇద్దరు మనుషుల గురించి చెబుతుంటే ఒకరిని గాలిలో కుడివైపు, ఇంకొకరిని ఎడమవైపు నిలబెడతారు, ఇక ఎవరు ఎవరిని కొట్టారో చెప్పడానికి పేర్లతో పనే లేదు. అదంతా కాగితం మీదికి వచ్చేసరికి మాయమైపోతోంది. తప్పెవరిదని పిచ్చుక అడిగితే, కాగితానికి కనుబొమ్మలుండవమ్మా, దాని బదులే ఈ గుర్తులూ ఈ చిన్న చిన్న మాటలూ అన్నాను. ఆ పిల్ల తన కాగితాన్ని నిమిరి, పాపం కాగితం అంది.

పొట్టి బాగుంది. హాస్టల్లో గది మారింది. రూమ్మేటు నోట్లో నాలుక లేని పిల్ల, ఏ గొడవా లేదు అని నీకు చెప్పిందట కదా. అవును, గొడవేమీ లేదు. నీ కూతురు ఆదివారాలు మా ఇంటికి వస్తోంది, ఫ్రిజ్ ఖాళీ చేసి వెళుతోంది.

ఉంటాను. అన్నయ్య మోకాలు ఎలా ఉందో రాయి.

నీ
ఆడపడుచు


ఆగస్టు 24

ప్రియమైన వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నా చేతిరాత పాడైందన్నావు. కూర్చుని రాస్తే కదా! సగం ఉత్తరం వంటింటి గట్టు మీద నిలబడి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. హాస్టల్లో మంటలంటుకున్నాయని అక్కడిదాకా వార్త వచ్చిందట కదా. మంటలూ లేవు, ఏమీ లేవు. కింద వంటశాలలో ఏదో మాడి పొగ కమ్మింది, అలారం మోగింది, ఆడపిల్లలంతా పరుగెత్తి బయటికొచ్చారు. అంతే. పొట్టి ఆ సమయంలో లైబ్రరీలో ఉందట. కంగారు పడకు.

నేను కంగారు పడుతున్నది ఇంకో పిల్ల కోసం. అలారం మోగినప్పుడు పిచ్చుక స్నానాల గదిలో ఉంది. తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి వరండాలో నరమానవుడు లేడు. అన్ని గదుల తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఒకచోట ఫ్యాను తిరుగుతోంది, ఒకచోట ఇస్త్రీపెట్టె దుప్పటి మీదే ఉంది, ఎవరో సగం కొరికిన ఆపిల్ పండు మంచం మీద ఉంది. మనుషులు లేరు. ఆ పిల్ల ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, గదిగదికీ వెళ్ళి చూసిందట. చివరికి కిటికీలోంచి చూస్తే కింద పచ్చిక మీద అందరూ గుంపుగా నిలబడి, తలలెత్తి ఈ మేడకేసే చూస్తున్నారు. ఆమెను చూసి ఒకరు చెయ్యి ఊపారు. రమ్మని కాదు, పొమ్మని కాదు. ఊరికే, బస్సెక్కినవాళ్ళకు ఊపినట్టు.

మర్నాడు క్లాసులో ఇదంతా సైగల్లో చెప్పింది. నేను ఇప్పుడు పద్ధతి మార్చాను. ముందు వాళ్ళ భాషలో చెప్పిస్తాం, ఫోన్లో వీడియో తీస్తాం. తర్వాత వీడియో పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో రాస్తారు. చేతులు చెప్పిందేమిటి, కాగితం చెప్పిందేమిటి, ఏది జారిపోయింది అని అందరం కలిసి వెతుకుతాం. ఎర్ర పెన్ను సొరుగులో పడేశాను.

పిచ్చుక మొదటి చిత్తులో ‘పీపుల్ నథింగ్’ అని ఉంది. దాన్ని ‘దేర్ వాజ్ నోబడీ’ అనాలని చెప్పాను. పెద్ద రభస. దేర్ అంటే అక్కడ కదా, ఎక్కడ అని ఒకడు. నోబడీ అంటే ఎవరూ కానివాడు, వాడు ‘వాజ్’ ఎలా అవుతాడు, లేనివాడు ఉన్నాడా అని ఇంకొకతె. చిన్నప్పటినుంచీ విని విని నోటికొచ్చిన భాష వదినా ఇది, మన చెవులే మనకు వ్యాకరణం. వాళ్ళకు ఆ చెవులు లేవు. ప్రతి ఇటుకనూ చేత్తో పట్టుకుని చూసిగాని పేర్చరు.

ఇప్పుడు చెబుతాను విను, నా ఒళ్ళు జలదరించిన సంగతి. ‘ది’ అనే మాట ఎక్కడ వాడాలి, ‘ఎ’, ‘యాన్’ ఎక్కడ వాడాలి అనేది ఏ ఏటికాయేడు నన్ను చంపుకు తినే పాఠం. చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ ముందే తెలిసినదైతే ‘ది’, కొత్తగా వచ్చి పడితే ‘యాన్’ అని చెప్పి ఊరుకున్నాను. పిచ్చుక తన చిత్తులో ‘అలారం’ అన్నచోట వేలు పెట్టింది. తర్వాత నా కొంగు లాగి అడిగింది: మిగిలిన వాళ్ళందరికీ అది ‘ది అలారం’ కదా, వాళ్ళు విన్నారు కనక? అవునన్నాను. నాకు మాత్రం ‘యాన్ అలారం’, నాకు తర్వాత ఎవరో చెబితేనే తెలిసింది అంది. అని, ‘యాన్ అలారం ర్యాంగ్, దే టోల్డ్ మీ’ అని రాసింది.

ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఆ చిన్నమాటలో ఇంత దూరం ఉందని నాకెప్పుడూ తోచలేదు. క్లాసు బయటికొచ్చి వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచాను. ఆనందమో మరేమిటో, కాళ్ళు నిలవలేదు.

ఆ వ్యాసం ఇప్పటికి ఐదారు చిత్తులు రాసింది. అర్ధసంవత్సరం మార్కులకు దాన్నే పంపుతున్నాం. కాని అందులో నాకొక వెలితి కనబడుతోంది. వీడియోలో ఒకచోట, తను తన గదిలోకి వెళ్ళానని చెబుతుంది. వెంటనే చేతులు కిందికి దించేస్తుంది, పక్కకు చూస్తుంది, తర్వాత కిటికీ దగ్గరికి వచ్చేస్తుంది. నీ గదిలో ఏం చూశావమ్మా అని అడిగాను. ఏమీ లేదంది. ఏదో చూసే ఉంటావు, అదీ రాస్తే బాగుంటుంది అన్నాను. ఏమీ లేదంది. ఆ తర్వాత రెండు మూడు సార్లు అడిగాను. నేను పట్టుకుంటే వదిలే మనిషినా? నాలుగోసారి దుభాషి వంక తిరిగి, మేడమ్ చెవులు బాగానే పనిచేస్తాయా అని అడిగింది!

వ్యాసం అది లేకుండానే వెళ్ళింది. అయినా బాగుంది. కాని మనసు కుదుటపడటం లేదు.

నీ
ఆడపడుచు


సెప్టెంబరు 17

వదినకు,

నమస్కారాలు. పెద్ద ఉత్తరం రాసే స్థితిలో లేను. కోపం వస్తే నాకు వాక్యాలు పొట్టిగా వస్తాయి.

ఆ వ్యాసం పిచ్చుక రాసింది కాదట. పరీక్షల అధికారి నన్ను పిలిచి బల్లమీద ఆ కాగితాలు పరిచి, ఇది మీరైనా రాసుండాలి, మిషనైనా రాసుండాలి, రెండింట్లో ఏదో మీరే చెప్పండి అన్నాడు. చిత్తులన్నీ ఉన్నాయండీ, వీడియో ఉంది, చూడండి అన్నాను. చిత్తులు కూడా తయారు చేయొచ్చు కదమ్మా అన్నాడు. పోయినేడు ఈ పిల్ల సున్నాకు దగ్గర్లో ఉంది, ఇప్పుడింత ఎత్తుకు ఎగిరిందంటే నమ్మడానికి నా చెవిలో పువ్వు లేదు అన్నాడు.

హాస్టలు వార్డెను కూడా అక్కడే ఉంది. ఆమె బాధ వేరు. వ్యాసంలో ఆమె పేరు లేదు, నింద లేదు. కాని ఒక పిల్ల మేడ మీద మిగిలిపోయిందని ఉందిగా. ఇదంతా కట్టుకథ, నేను ప్రతి తలుపూ స్వయంగా కొట్టాను అంటుంది. ఎవరి తలుపు కొట్టావమ్మా తల్లీ, వినబడని పిల్ల తలుపా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదా అని అప్పటినుంచీ తిరుగుతున్నాను.

తేల్చిందేమిటంటే, కమిటీ కూర్చుంటుంది. పిచ్చుక వాళ్ళ ఎదురుగా, నా సాయం లేకుండా, దుభాషి లేకుండా రాయాలి. వాళ్ళకు నమ్మకం కుదిరితే సరి. కుదరకపోతే ఆ పిల్ల మోసం చేసిందని రాసి కాలేజీనుంచి పంపేస్తారు, మా క్లాసు కూడా ఎత్తేస్తారు. మిగిలిన ఆరుగురి సంగతి దేవుడికే ఎరుక.

మంచి రచన నాలుగుసార్లు తిరగరాస్తేగాని రాదు. ఎదురుగా నలుగురు పెద్దమనుషులు గుడ్లురిమి చూస్తుంటే నువ్వైనా నేనైనా మన పేరు సరిగ్గా రాయగలమా? ఈ సంగతి పిచ్చుకకు ఎలా చెప్పాలో తెలియక, గదిలో గోడనుంచి గోడకు నడుస్తూ చెప్పాను. అంతా చూసి, రాస్తాను అంది. తర్వాత, ముందు మీరు కూర్చోండి, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి అంది.

పొట్టి రెండు వారాలుగా ఇంటికి రాలేదు. చదువుల హడావుడి అంటోంది. నీకు ఫోన్ చేస్తోందా?

నీ
ఆడపడుచు


అక్టోబరు 6

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. ఆలస్యమైంది, కోప్పడకు. జరిగినదంతా ఒక్కచోట చెప్పాలని ఇన్నాళ్ళూ ఆగాను.

కమిటీ ప్రిన్సిపాలుగారి గదిలో కూర్చుంది. ఆయన, పరీక్షల అధికారి, వార్డెను, బయటినుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆవిడ ఎక్కడో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారట. నన్ను వెనక గోడవారగా కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళోనే ఉండాలి, సైగలు చేస్తే చెల్లదు అన్నారు. చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని కూచున్నాను. కాళ్ళ మాట వాళ్ళు ఎత్తలేదు. అవి కుర్చీ కింద వాటి దారిన అవి ఆడుతూనే ఉన్నాయి.

పరీక్షల అధికారి ‘విద్యార్థి జీవితంలో క్రమశిక్షణ’ అని విషయం ఇవ్వబోయాడు. అలాంటిది ఎవరైనా బట్టీ పట్టుకొస్తారండీ, దాంతో ఏం తేలుతుంది అని పెద్దావిడ అడ్డుపడ్డారు. వ్యాసం ఆ పిల్ల రాసిందా లేదా అన్నదే కదా అనుమానం? ఆ రోజు జరిగినవాటిలో వ్యాసంలో లేనిది ఏదైనా రాయమనండి. అనుభవించినవాళ్ళకైతే తప్పకుండా ఏదో ఒకటి మిగిలుంటుంది. అనుభవించనివాళ్ళకు మిగలదు. ఈ మాట ప్రిన్సిపాలుగారికి నచ్చింది. ఒక కాగితం మీద ఆ ప్రశ్న రాసి పిచ్చుక ముందు పెట్టారు.

చదివింది. కలం చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టింది. తల తిప్పి నావైపు చూసింది. అలా చాలాసేపు చూసింది వదినా. పరీక్షల అధికారి, ఇదిగో, ఇలాంటివి కుదరవు అన్నాడు. నేను సైగ చేయకూడదు. చేతులు కదపకూడదు. భయపడుతోందనుకున్నాను. రాయి తల్లీ, ఏం ఫరవాలేదు, రాసెయ్ అన్నట్టు తల ఊపాను.

అప్పుడు రాసింది. ఆగకుండా, కొట్టివేతలు లేకుండా, కాగితానికి మొహం దగ్గరగా పెట్టుకుని రాసింది. ప్రిన్సిపాలుగారు దాన్ని తీసుకుని పైకి చదివారు. తప్పులను తప్పులుగానే తెలుగు చేస్తున్నాను, చూడు.

‘నేను స్నానం వెళ్తాను. రూమ్మేట్ మంచం మీద చదువుతుంది. మంచం కింద చెప్పులు ఉంది. నేను తిరిగి వస్తాను. రూమ్మేట్ లేదు. చెప్పులు లేదు. పరుగెత్తే మనిషి చెప్పులు వెతకడం టైం కావాలి. స్నానం గది తలుపు పక్కనే. చెయ్యి పెట్టి తోస్తే చాలు. ఆమె చెప్పులు గుర్తుపెట్టుకుంది.’

గోడ మీద గడియారం శబ్దం వినిపించింది. అది వినబడనిది ఆ పిల్ల ఒక్కతికే. ఆమె మా ముఖాలు చూస్తూ కూచుంది.

ముందుగా తేరుకున్నది పరీక్షల అధికారి. చూశారా, ఒక్క ‘ది’ లేదు, కాలాలన్నీ తప్పు, ఆ వ్యాసానికీ దీనికీ పొంతన ఉందా అన్నాడు. పెద్దావిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. తప్పులున్న మాట నిజమేనండీ, ఇది మొదటి చిత్తు, అది ఆరోది, అంతే తేడా. అక్కడ సగం కొరికిన ఆపిల్ పండును చూసిన కళ్ళే ఇక్కడ చెప్పుల్ని చూశాయి. ఆ కళ్ళు మీరూ అరువివ్వలేరు, టీచరుగారూ ఇవ్వలేరు అన్నారు.

ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆ రూమ్మేటు ఎవరు అని అడిగారు. కాగితం మీద రాసి చూపించారు. పిచ్చుక కిందనే జవాబు రాసింది: ‘నేను పేరు రాయను. ప్రశ్నలో పేరు లేదు.’ వార్డెను నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

వారం తర్వాత నిర్ణయం వచ్చింది. వ్యాసానికి మార్కులు ఉంటాయి. మోసం మాట కొట్టేశారు. హాస్టల్లో ప్రతి గదికీ, స్నానాల గదులకీ కూడా, అలారంతో పాటు వెలిగి ఆరే దీపాలు పెట్టిస్తున్నారు. ఇప్పుడు అక్కడికి వెళితే గోడలకు రంధ్రాలు వేసే రొద, సున్నపు దుమ్ము. మా క్లాసును ఈ ఏడాదికి ఉంచి, తర్వాత పరిశీలిస్తామన్నారు. పరిశీలిస్తాం అంటే ఏమిటో మనకు తెలుసు. పరిశీలించనీ. మిగిలిన ఆరుగురూ వ్యాసాలు మొదలుపెట్టారు. ఒకడు తన మేనత్త పెళ్ళిలో వాద్యాల పక్కన కూర్చుని పొట్టలో డోలు దరువు ‘తిన్న’ సంగతి రాస్తున్నాడు. ‘తినడం’ మార్చమని చెప్పబోయి ఆగాను.

గెలిచాం కదా, ఇప్పుడైనా కుదురుగా కూర్చోరాదా అని ఈయన అంటున్నారు. కూర్చోలేకపోతున్నాను. అన్నయ్యను అడిగానని చెప్పు. మోకాలికి కాపడం మానొద్దని చెప్పు.

నీ
ఆడపడుచు

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను. ఇంత ఉత్తరమూ రాసి, అసలు సంగతి దాటేశాను వదినా. ఆ రూమ్మేటు మన పొట్టే.

నోట్లో నాలుక లేని పిల్ల అని నీకు చెప్పింది పిచ్చుక గురించే. ఇద్దరినీ ఒక గదిలో వేయించింది నేనే. నా మేనకోడలు పక్కనుంటే ఆ పిల్లకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. పొట్టి కూడా, సరే అత్తయ్యా, నేను చూసుకుంటాను అంది. లైబ్రరీలో ఉన్నానంటే నమ్మాను, నీకూ అదే రాశాను. కమిటీ గదిలో ఆ చెప్పుల మాట చదివేదాకా నాకూ తెలియదు.

ఆ సాయంత్రం పిచ్చుకను అడిగాను, నీ గదిలో ఏమీ లేదని అన్నిసార్లు ఎందుకన్నావమ్మా అని. మీ మనిషి కదా అంది. మరి అక్కడ ఎందుకు రాశావు అన్నాను. రాయమంటారా అని కనుబొమ్మలెత్తి మిమ్మల్నే అడిగాను, మీరు తల ఊపారు అంది.

పొట్టి దగ్గరికి వెళ్ళాను. అరవలేదు, నిజం చెబుతున్నాను. అలారం మోగగానే లేచాను అత్తయ్యా, చెప్పులు నేను వేసుకోలేదు, కాళ్ళే వేసుకున్నాయి, మెట్ల మలుపులో గుర్తొచ్చింది కాని వెనకనుంచి అందరూ తోస్తున్నారు, కిందికొచ్చాక వార్డెనుకు చెబుదామంటే నోరు రాలేదు అంటూ ఏడ్చింది. తర్వాత పిచ్చుకకు క్షమించమని ఇంగ్లీషులో ఒక పేజీ రాసిచ్చింది. మన పొట్టి ఇంగ్లీషు నీకు తెలుసుగా, వెతికినా ఒక్క తప్పు దొరకదు. పిచ్చుక దాన్ని చదివి, పెన్సిలు తీసుకుని, ఒకే ఒక్క మాట కింద గీత గీసి తిరిగి ఇచ్చింది. ‘ఐ ఫర్‌గాట్ యు’ అని ఉన్నచోట. పక్కన చిన్నగా రాసింది: ‘నాట్ ఫర్‌గాట్. అఫ్రెయిడ్.’ పొట్టి ఆ పేజీ చించేసి మళ్ళీ రాస్తోంది. ఇంకా పూర్తి కాలేదు. గది మార్చుకోమని వార్డెను చెబితే ఇద్దరూ వద్దన్నారు. స్నేహం కుదిరిందని మాత్రం అనుకోకు. ఒకరినొకరు చూసుకుంటున్నారు, అంతే.

ఆడపడుచును కాబట్టి నీ కూతురి మీద చాడీలు మోశానని అనుకుంటే అనుకో. అందుకే ఇన్నాళ్ళూ నోరు నొక్కుకున్నాను. ఈ ఆదివారం అదే నీకు ఫోన్ చేసి చెబుతానంది. అన్నయ్యను ఏదో మిషతో బయటికి పంపించు. అది ఏడిస్తే ఏడవనీ. చెబుతూ చెబుతూ మాట దొరక్క మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు నువ్వు తల్లివి కదా, జాలిపడి ఆ మాట నువ్వు అందించకు వదినా. వెతుక్కోనివ్వు.